స్టేషన్‌లో రాతపని ఎవరిది?

రాజమండ్రి: గోదావరి జిల్లాల్లో ఏ పోలీసు స్టేషన్ మెట్లెక్కినా ఫిర్యాదుదారు ముందుగా నిలబడేది రైటర్ బల్ల ముందే. ఆ బల్ల వెనుక ఉండేది గుమాస్తా కాదు. లాఠీ, తుపాకీ శిక్షణ పొందిన కానిస్టేబులో, హెడ్ కానిస్టేబులో. రిజిస్టర్లు నింపడం, నివేదికలు పంపడం, కంప్యూటర్‌లో వివరాలు ఎక్కించడం ఆయన పని. జిల్లా పోలీసు కార్యాలయంలో జీతాల బిల్లులు, సర్వీసు ఫైళ్ళు చూసేందుకు మినిస్టీరియల్ సిబ్బంది ఎన్నో ఏళ్ళుగా ఉన్నారు. ఆ ఏర్పాటు స్టేషన్ గడప దాకా రాలేదు.

శిక్షణ పొందిన మనిషి విలువ జనం గుమికూడిన రోజున తెలుస్తుంది. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కరఘాట్ తొక్కిసలాటలో 27 మంది మరణించారు. సిబ్బంది కొరతే అందుకు కారణమనడం సరికాదు. కాని రద్దీని అదుపు చేయడం ఎవరికి పడితే వారికి అప్పగించే పని కాదని ఆ దుర్ఘటన చాటింది. 2027 పుష్కరాల బందోబస్తుకూ ఈ మాట వర్తిస్తుంది.

రాతపని అంతా ఒకటి కాదు. నేర సమాచారం నమోదు, సాక్షుల వాంగ్మూలం, కేసు డైరీ చట్టరీత్యా పోలీసు అధికారి బాధ్యత. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా దీన్ని మార్చలేదు. బిల్లులు, స్టోర్సు, ఉత్తర ప్రత్యుత్తరాలు అటువంటివి కావు. పోలీసులకు ప్రధానం కాని పనులను బయటివారికి అప్పగించాలని 2007లోనే రెండవ పరిపాలనా సంస్కరణల సంఘం సూచించింది.

మన రాష్ట్రంలో ప్రయోగం మరో దారిలో నడిచింది. 2019 అక్టోబర్ 2న కరపలో గ్రామ సచివాలయాల వ్యవస్థ ప్రారంభమైంది. అందులో మహిళా సంరక్షణ కార్యదర్శులుగా చేరినవారిని 2021 జూన్‌లో జీవో 59 ద్వారా మహిళా పోలీసులుగా మార్చారు. ఆ ఉత్తర్వు హైకోర్టుకెక్కింది. అంటే కానిస్టేబుల్ గుమాస్తా పనిలోనే ఉండగా, పౌర ఉద్యోగికి పోలీసు హోదా వచ్చింది!

గుమాస్తాలను నియమించినంత మాత్రాన సరిపోదు. స్టేషన్ కాగితాల్లో ఆడవారి ఫిర్యాదులు, సాక్షుల చిరునామాలు ఉంటాయి. ఏడాదికోసారి మారే కాంట్రాక్టు మనిషికి వాటిని అప్పగిస్తే గుట్టు నిలవదు. గోప్యత నియమాలకు లోబడిన శాశ్వత ఉద్యోగులే ఇందుకు తగినవారు. ఇక బల్ల నుంచి లేచిన కానిస్టేబుల్ మరో కార్యాలయంలోనో, అధికారి బంగళాలోనో తేలితే ప్రజలకు ఒరిగేదేమీ లేదు. ఆయన రాత్రి గస్తీలో కనిపించాలి.