ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఎందుకు బాగవుతుంది?

ఫోన్ హ్యాంగ్ అయితే మనమంతా చేసే మొదటి పని ఒకటే. ఆఫ్ చేసి ఆన్ చేస్తాం. బాగైపోతుంది, మర్చిపోతాం. ఎందుకు బాగైందని ఎవరూ అడగరు. నేనూ అడిగేవాణ్ని కాదు, రెండేళ్ల క్రితం భీమవరం దగ్గర నుంచి మా మావయ్య ఓ రాత్రి పదింటికి ఫోన్ చేసేదాకా.

"అల్లుడూ, మీ డబ్బా ఏరియేటర్లు వేసినట్టే వేసి ఆపేస్తందిరా. నాలుగుసార్లు నొక్కా!"

రొయ్యల చెరువులు తెలిసినవాళ్లకు ఈ మాట వింటేనే గుండె జారిపోతుంది. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, తెల్లవారుజామున మరీ తక్కువ. ఏరియేటర్లు తిరగకపోతే రొయ్యలు పైకి తేలతాయి. తెల్లారేసరికి పంట పోయినా పోవచ్చు. ఆ ఏరియేటర్లను టైం ప్రకారం నడిపే కంట్రోలర్‌కి కోడ్ రాసింది నేనే.

"మెయిన్ ఆపేసి, బ్యాటరీ వైరు కూడా పీకి మళ్లీ పెట్టండి మావయ్యా" అన్నా. పెట్టాడు. తిరిగాయి. ఆయన పడుకున్నాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

పొద్దున్నే లాగ్ తెప్పించి చూశా. డబ్బా 49 రోజులుగా ఆగకుండా నడుస్తోంది. టైమర్ అంకె 427 కోట్లు దాటింది. అప్పుడు వెలిగింది బుర్రలో లైటు.

విషయం చెబుతా. కంప్యూటర్‌కి టైం దానంతట అది తెలియదు. లోపల ఒక క్రిస్టల్ కొట్టుకుంటూ ఉంటుంది. మా చిప్‌లో సెకనుకు 1 కోటి 60 లక్షల సార్లు. దాన్ని లెక్కపెట్టేది హార్డ్‌వేర్ టైమర్. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్, బూట్ అవగానే ఆ టైమర్ రిజిస్టర్‌లో ఒక అంకె వేస్తుంది. మేం వేసింది 15,999. టైమర్ అక్కడి నుంచి సున్నా దాకా దిగుతుంది. సున్నానీ కలుపుకుంటే 16,000 దెబ్బలు, అంటే సరిగ్గా ఒక మిల్లీసెకను. అప్పుడు ప్రాసెసర్ భుజం తట్టి "టిక్" అంటుంది. దాన్నే ఇంటరప్ట్ అంటారు. ప్రతి టిక్‌కీ కెర్నల్ తన లెక్కలో ఒకటి కలుపుకుంటుంది.

ఈ అంకె మన ఇష్టం. టిక్‌లు ఎక్కువైతే టైం కచ్చితంగా ఉంటుంది, కానీ ప్రాసెసర్‌కి కునుకు పట్టదు, బ్యాటరీ కరిగిపోతుంది. అందుకే మీ ఫోన్‌లోని లినక్స్ కెర్నల్, పనేమీ లేనప్పుడు టిక్‌లు ఆపేసి, తర్వాతి పని ఎప్పుడో ఆ టైంకే టైమర్ పెట్టుకుని పడుకుంటుంది.

నేను పప్పులో కాలేసింది ఆ లెక్క రాసుకునే డబ్బా సైజు దగ్గర. 32 బిట్లలో 429,49,67,295 దాకానే పడుతుంది. ఇంకొక్క టిక్ వస్తే మళ్లీ సున్నా. మిల్లీసెకన్లలో అది 49 రోజుల 17 గంటలు.

గోడ గడియారంతో చూద్దాం. రాత్రి 10కి వేసి 8 గంటలు నడపాలి. 10కి 8 కలిపితే గడియారంలో 6. నా కోడ్ ఏం చేసిందంటే, "ఇప్పుడు 10. ఆపాల్సింది 6కి. 10 పెద్దది, టైం అయిపోయింది, ఆపెయ్" అంది. మావయ్య ఎన్నిసార్లు నొక్కినా అదే జవాబు. కరెంటు తీసి వేస్తే లెక్క సున్నా నుంచి మొదలైంది, డబ్బా బాగైపోయింది. జబ్బు మాత్రం తగ్గలేదు, ఇంకో 49 రోజులకు వాయిదా పడింది.

మరి ల్యాబ్‌లో ఎందుకు దొరకలేదు? రోజూ సాయంత్రం అన్నీ ఆఫ్ చేసి ఇంటికెళ్లేవాళ్లం కాబట్టి!

ఈ గుంటలో పడ్డ మొదటివాణ్ని నేనేం కాదు. విండోస్ 95, 98 కూడా 49.7 రోజులు ఆగకుండా నడిస్తే బిగుసుకుపోయేవి. కారణం ఇలాంటి లెక్కే.

సరిచేయడం ఒక్క లైను పని. "ఇప్పుడు" పెద్దదా "ఆపాల్సిన టైం" పెద్దదా అని పోల్చకూడదు. మొదలైనప్పటి నుంచి ఎంత గడిచిందో తీసివేసి చూడాలి. 10 నుంచి 2కి నాలుగు గంటలని మనం చెప్పమూ? అలాగే. లెక్క తిరగబడినా తేడా తప్పదు.

కానీ నాకు అంతకంటే నచ్చింది లినక్స్ వాళ్ల ఉపాయం. వాళ్ల టిక్ లెక్క పేరు జిఫీస్. అది సున్నా దగ్గర మొదలవదు. బూట్ అయిన 5 నిమిషాలకే 32 బిట్ల హద్దు దాటేలా కావాలనే ముందుకు జరిపి మొదలుపెడతారు. ఎవరి కోడ్‌లోనైనా నాలాంటి తప్పుంటే, 49 రోజుల తర్వాత ఎవరో చెరువు గట్టు మీద కాకుండా, టీ చల్లారేలోపే రాసినవాడి కళ్ల ముందు బయటపడాలని.

మా కంట్రోలర్‌లోనూ అదే పెట్టా. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించిన రోజు మావయ్య అడిగాడు, "మళ్లీ ఆగదు కదరా?"

"ఆగితే ఐదు నిమిషాల్లో నా బల్ల మీదే ఆగుద్ది మావయ్యా. మీదాకా రాదు."

ఈసారి మీ డబ్బా ఏదైనా ఆఫ్ చేసి ఆన్ చేస్తే బాగైందనుకోండి, సంతోషించండి. ఎన్ని రోజులకు మొరాయించిందో మాత్రం ఓసారి లెక్కపెట్టి చూడండి.