మాట మనది, టేపు వాళ్ళది

ఆడదాని నోట్లో నువ్వుగింజ నానదని సామెత. ఈ సామెత కట్టిన మహానుభావుడెవరోగాని, ఏ ఇల్లాలి పోపులడబ్బా అడుగూ చూసినవాడు మాత్రం కాదు. మెంతుల కింద ఎన్ని నోట్లున్నాయో, చిట్టీ ఎంతకి పాడిందో, చెల్లెలి కాన్పుకి ఎవరి గాజులు కుదువకి వెళ్ళాయో, ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మొగుడికి కూడా తెలియకుండా దాచగల జాతి మనది. అలా దాచబట్టే ఎన్నో సంసారాలు గట్టెక్కాయి.

అంతటి గుట్టూ మనం విప్పేది బ్యాంకులో. డాక్టరు దగ్గర ఒంటి సంగతి చెప్పినట్టే బ్యాంకులో ఇంటి సంగతి చెబుతాం. “అప్పు దేనికమ్మా?” అని అడుగుతాడు ఆఫీసరు. దానికి జవాబు ఒక్క ముక్కలో తేలదు. గద్వాలలో మగ్గం నడిపే ఇల్లాలు పట్టుకీ జరీకీ పెట్టుబడి కావాలని మొదలుపెడుతుంది. పోయినేడు అప్పు ఎందుకు తీర్చలేదంటే, మొగుడి తాగుడు దాకా రావాలి. వనపర్తిలో టీచరమ్మ కూతురి పేరెత్తితే అల్లుడి నిర్వాకం బయటపడుతుంది. నాగర్‌కర్నూలులో పొదుపు సంఘం లీడరు, సభ్యురాలి వాయిదా ఎందుకు తప్పిందో చెప్పాలంటే ఆవిడ ఆపరేషను సంగతి చెప్పక తప్పదు. ఎదురుగా కూర్చున్న ఒక మనిషి మొహం చూసి, నమ్మి చెప్పే మాటలివి.

ఇప్పుడా బల్ల దగ్గర మూడో మనిషి చేరాడు. అతగాడికి చెవులూ కళ్ళూ తప్ప మొహం లేదు. ఫోను చేస్తే “నాణ్యత కోసం మీ సంభాషణ రికార్డు చేయబడవచ్చు” అంటుంది ఒక తియ్యని గొంతు. ఎవరి నాణ్యతో అడుగుదామంటే ఆ గొంతుకి చెవుల్లేవు! కొన్నిచోట్ల అప్పు చేతికిస్తూ వీడియో తీస్తారు. మన మాటలు విని, వాటి సారాంశం తనంతట తానే రాసిపెట్టే యంత్రాలు కూడా వచ్చేశాయి.

ఈమధ్య ఒక బ్యాంకుకి, పేరెందుకులెండి, డిపాజిట్టు మీద లోను సంగతి మాట్లాడటానికి వెళ్ళాను. ఆఫీసరు కుర్రాడు మర్యాదస్తుడే. కుర్చీ చూపించి, తన ఫోను బల్లమీద నిలబెట్టాడు. ఎర్రచుక్క వెలిగింది.

“ఇదేమిటి బాబూ?”

“రూలు మేడమ్. మీ సేఫ్టీకే.”

“నాకొద్దంటే?”

“ప్రాసెస్ ముందుకెళ్ళదు మేడమ్.”

“పోనీ, దాని కాపీ నాకూ ఒకటి ఇస్తావా?”

“అలా కుదరదు మేడమ్.”

“అయితే నా ఫోనులో నేనూ రికార్డు చేసుకుంటా.”

కుర్రాడు నవ్వి, గోడకేసి చూపించాడు. అక్కడ పెద్దక్షరాలతో వుంది: “ఫొటోలు, వీడియోలు తీయరాదు.”

చూశారా చోద్యం! మాట నాది, మొహం నాది, అవసరం నాది. టేపు మాత్రం వాళ్ళది. నా సేఫ్టీ కోసమే తీసిన బొమ్మ నా చేతికిస్తే సేఫ్టీ ఎలా పోతుందో నాకు బోధపడలేదు. పాపం కుర్రాణ్ణేమీ అనను, అతనికి పైవాళ్ళు చెప్పింది అతను చేశాడు. నా తగాదా ఆ పైవాళ్ళతో.

“మీరు కూర్చున్నారు, మాట్లాడారు, అంటే ఒప్పుకున్నట్టేగా” అంటారు పైవాళ్ళు. ఈ మాట మనకి కొత్త కాదు. మౌనం అర్ధాంగీకారం అన్న సూత్రం పెళ్ళిచూపుల్లో మనమీద ఎన్ని తరాలు ప్రయోగించలేదు? పిల్ల తలొంచుకుంటే సరే అన్నట్టు, ఏడిస్తే సంతోషం పట్టలేకపోయినట్టు! ఇవాళ బ్యాంకు చేస్తున్నదీ ఆ పెళ్ళిపెద్దల పనే. “వద్దు” అనడానికి వీల్లేనిచోట “సరే” అన్న మాటకి విలువేముంటుందండీ? అప్పు కోసం వచ్చిన మనిషి దేనికైనా తలూపుతుంది.

ఒకప్పుడు ఇదే బ్యాంకులు మన గుట్టు కోసం సర్కారుతో పోట్లాడాయంటే నమ్ముతారా? 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపుల చట్టాన్ని సవరించింది. స్టాంపు సుంకం ఎగ్గొట్టిన దస్తావేజులు వెతకడానికి, కలెక్టరు పంపిన మనిషి ఎవరైనా సరే బ్యాంకులోకి వచ్చి ఖాతాదారుల కాగితాలు తిరగేయవచ్చు, పట్టుకుపోవచ్చు. బ్యాంకులు ఒప్పుకోలేదు. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు ఒకవైపు, కెనరా బ్యాంకు మరోవైపు నిలిచిన ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2004లో తీర్పు వచ్చింది. బ్యాంకులో పెట్టినంత మాత్రాన మీ కాగితం ఊరందరిదీ అయిపోదు. గోప్యత అనేది మనిషికి సంబంధించింది, చోటుకి కాదు అని దాని సారాంశం. చట్టంలోని ఆ సవరణ నిలవలేదు. మన దస్తావేజుకి వున్న పాటి గౌరవం మన గొంతుకి వుండొద్దూ?

తర్వాత 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కన్నారు. అంతకుముందే, 2014లో, రిజర్వు బ్యాంకు ఖాతాదారులకి అయిదు హక్కులు ప్రకటించింది. వాటిలో గోప్యత ఒకటి. వీడియోలో ఖాతాదారుని గుర్తించే పద్ధతిని 2020 జనవరిలో అనుమతించినప్పుడు కూడా ఖాతాదారు సమ్మతి తీసుకోవాలనే చెప్పింది. అప్పులిచ్చే యాప్‌లు మన ఫోనులోని పేర్లన్నిటికీ సందేశాలు పంపి పరువు తీసిన రోజులు గుర్తున్నాయిగా? 2022లో వాటికీ ముక్కుతాడు వేసింది. కెమెరా, మైకు కావాలంటే అవసరమైన పనికి ఒక్కసారి, అదీ స్పష్టంగా అడిగి వాడుకోవాలంది. యాప్‌కి నేర్పిన మర్యాద బల్ల అవతల కూర్చున్న మనిషికి అక్కర్లేదా?

2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డేటా చట్టం ఇంకా గట్టిగా చెప్పింది. సమ్మతి స్వేచ్ఛగా ఇవ్వాలి, ఫలానా పనికని తెలిసి ఇవ్వాలి, షరతులు వుండకూడదు, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలి. అడిగే కాగితం మనం కోరితే తెలుగులో వుండాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి మాత్రం అక్కణ్ణించి ఏడాదిన్నర గడువు పెట్టారు. మర్యాదకి కూడా గడువు కావాల్సి వచ్చింది!

“దాచాల్సిందేముంది, తప్పు చెయ్యనివాళ్ళకి భయమెందుకు?” అని మా బంధువొకాయన వాదించాడు. అన్నయ్యగారూ, ఇంటిగుట్టు లంకకి చేటన్నారు. లంకలో విభీషణుడు ఒక్కడే. ఈ టేపు ఎంతమంది చేతులు మారుతుందో, ఎన్నేళ్ళుంటుందో ఎవరు చెప్పాలి? 2007లో మన హైకోర్టు ముందుకి ఒక కేసు వచ్చింది. భార్య ఫోను మాటల్ని ఆవిడకి తెలియకుండా రికార్డు చేసి, విడాకుల వ్యవహారంలో సాక్ష్యంగా తెచ్చాడొక భర్త. అది ఆవిడ గోప్యతకి భంగమని కోర్టు గట్టిగా చెప్పింది. కాని 2025 జూలైలో, మరో రాష్ట్రపు కేసులో, అలాంటి రికార్డుల్ని విడాకుల వ్యాజ్యంలో సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు అంది. అంటే, టేపు అంటూ ఒకటి పుడితే అది ఎప్పటికో ఒకప్పటికి నోరు విప్పుతుంది. మొగుడి తాగుడు గురించి ఆఫీసరుతో చెప్పుకున్న మాట రేపు ఎవరి చెవిన పడితే ఆ ఇల్లాలికి దిక్కెవరు?

అలాగని రికార్డింగే వద్దని నేననను. డిపాజిట్టు కోసం వెళ్ళిన పెద్దావిడ చేతిలో ఇన్సూరెన్సు పాలసీ పెట్టి పంపించే చోట, ఆవేళ ఆఫీసరు ఏం చెప్పాడో టేపులో వుంటే ఎంత మేలు! కాని ఆ మేలు జరగాలంటే టేపు ఆవిడక్కూడా దక్కాలి. ఒక పక్షం దగ్గరే వుండే సాక్ష్యం, ఆ పక్షానికి పనికొచ్చినప్పుడే బయటికొస్తుంది.

గద్వాల చీర చూశారుగా. నూలు ఒళ్ళు వేరు, పట్టు అంచు వేరు. నేతగాడు పోగుకి పోగు మెలేసి, అతుకు ఎక్కడుందో తెలియకుండా కలుపుతాడు. చీరకి అది అందం. అప్పు కాగితంలో సమ్మతిని అలా కలిపి నేస్తే మాత్రం మోసం. ఆ రెండూ విడివిడిగా వుండాలి. అప్పు సంతకం ఒకచోట, రికార్డింగు సంతకం వేరొకచోట. రెండోది పెట్టకపోయినా మొదటి పని ఆగకూడదు. చదువురాని అమ్మకైతే చదివి వినిపించాలి, అదీ ఆవిడ మాట్లాడే తెలుగులో.

కనక అమ్మలారా, ఈసారి బల్లమీద ఎర్రచుక్క వెలిగితే నోరు విప్పకముందే నాలుగు ప్రశ్నలు అడగండి. ఎందుకు తీస్తున్నారు? ఎన్నాళ్ళు వుంచుతారు? ఎవరెవరు చూస్తారు? నాకో కాపీ ఇస్తారా? జవాబు రాకపోతే బ్రాంచి మేనేజరుకి కాగితం మీద రాసివ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నెల్లాళ్ళు చూసినా ఫలితం లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దాకా వెళ్ళండి. 14448కి ఫోను చేస్తే దారి చెబుతారు.

గయ్యాళి అంటారేమో, అననివ్వండి. కూరగాయల బండి దగ్గర అర్ధరూపాయికి అరగంట బేరమాడిన వాళ్ళం, మన మాటని మాత్రం ఊరికే ఇచ్చేస్తామా?