నికాహ్‌నామాను ఇంటి భాషలో చెప్పేదెవరు?

పెళ్లి పందిట్లో ఖాజీ సాహెబ్ సియాహా తెరుస్తారు. వరుడు సంతకం చేస్తాడు. లోపలి గదిలో వధువు సంతకం చేస్తుంది. వధువు తరఫు వకీలు, ఇద్దరు సాక్షులు చేస్తారు. (ఈ వకీలు కోర్టు వకీలు కాదు. ఆయన సంగతి ముందుంది.) ఖర్జూరాలు పంచుతారు. ఆ కాగితం బీరువాలోకి వెళుతుంది. చాలా ఇళ్లల్లో అది మళ్లీ బయటికి వచ్చేది తగవు వచ్చిన రోజునే.

ఆ రోజున దాన్ని చదివేదెవరు? కాగితం ఉర్దూలో ఉంటుంది. పటాన్‌చెరులో, ఇస్నాపూర్‌లో, బొల్లారంలో తెలుగు బడికి వెళ్లిన మన ఆడపిల్లలకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. పెద్ద కోర్టుల తీర్పులు చూద్దామంటే ఇంగ్లీషు. ఇంట్లో జుమా రోజు చదివే పత్రిక తెలుగు. ఒక్క కాపురానికి మూడు భాషలు అడ్డం పడుతున్నాయి.

ఒక్క మాట ఉదాహరణగా చెబుతాం. మహర్ సొమ్ము పక్కన ‘ముఅజ్జల్’ అని రాస్తారు. ఉర్దూలో ఈ మాటను రెండు విధాలుగా రాయవచ్చు. ‘ఐన్’ అక్షరంతో రాస్తే వెంటనే చెల్లించవలసినది. ‘హమ్జా’తో రాస్తే తరువాత, అంటే తలాఖ్ అయినప్పుడో భర్త మరణించినప్పుడో చెల్లించవలసినది. చెవికి రెండూ ఒకటే. తెలుగులో రాసినా ఒకటే. ఒక్క అక్షరం మీద ఆ అమ్మాయి ఈరోజే అడగగల సొమ్మా, ఎప్పటికో వచ్చే సొమ్మా అన్నది ఆధారపడి ఉంది. సంతకం చేసే ముందు ఈ సంగతి ఆమెకు చెప్పినవారు ఎందరు? మహర్ భర్త మీద అప్పు. అతను మరణిస్తే వారసులు ఆస్తి పంచుకోకముందే తీర్చవలసిన అప్పు. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అప్పును కాగితం మీద రాసుకోవటం గురించే అని జుమా ప్రసంగాల్లో వింటూనే ఉన్నాం. రాసుకోవటం వరకు చేస్తున్నాం. చదువుకోవటమే మిగిలిపోయింది.

ఇక కోర్టు వకీలు సంగతి. సంగారెడ్డి కోర్టుల్లో ముద్దాయిల తరఫున వాదించే వకీళ్లు కాపురం చివరి అంకాన్ని మాత్రమే చూస్తారు. వారి దగ్గరకు వచ్చేసరికి వరకట్న వేధింపుల కేసో, 2019 చట్టం కింద తలాఖ్ కేసో నమోదై ఉంటుంది. ఆ చట్టం ప్రకారం ఒక్క బిగిన చెప్పే తలాఖ్ చెల్లదు. చెప్పిన భర్తకు మూడేళ్ల వరకు జైలు. జైల్లో ఉన్న మనిషి పోషణ ఖర్చు ఎక్కడినుండి తెచ్చి ఇస్తాడన్న ప్రశ్న మాకూ ఉంది. వాయిదా వాయిదాకు ఫ్యాక్టరీలో ఒకరోజు కూలి పోతుంది, ఇటు భర్తకూ అటు మామగారికీ. ఇదంతా ప్రతిరోజూ చూసే డిఫెన్సు వకీలుకు కాపురం మొదట ఎక్కడ చీలిందో అందరికన్నా బాగా తెలుసు. కాబట్టి కుటుంబ చట్టాన్ని మామూలు తెలుగులో రాయవలసినవారు పండితులకన్నా ముందు వారే అని మా అభిప్రాయం.

వకీలు కలం పట్టటం మన తెలుగునాట కొత్త కాదు. విశాఖపట్నంలో ప్లీడరీ చేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి మద్య నిషేధం కేసుల లోకాన్ని ‘ఆరు సారా కథలు’గా రాశారు. కోర్టు మెట్ల మీద కూర్చున్న పేదవాడి భాషలోనే రాశారు. ఆయన రాసింది కథలు, మనకు కావలసింది మార్గదర్శి. కానీ ఆ చెవి కావాలి. మన ఉలమాలలోనూ ఇందుకు ఆదర్శం ఉంది. మౌలానా అష్రఫ్ అలీ థానవీ ఇంట్లోని ఆడవారి కోసం వారి ఉర్దూలోనే ‘బెహిష్తీ జేవర్’ రాశారు. భర్త ఆచూకీ లేని స్త్రీలకు హనఫీ ఫిఖహ్‌లో దారి ఇరుకైనప్పుడు మాలికీ అభిప్రాయాన్ని అనుసరించవచ్చని చెప్పినవారూ ఆయనే. ఆ తరువాతే 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. భర్త నాలుగేళ్లుగా కనిపించకపోయినా, రెండేళ్లు పోషణ ఇవ్వకపోయినా భార్య కోర్టు ద్వారా విడిపోవచ్చని ఆ చట్టం చెబుతోంది. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుండో కూలికి వచ్చి, ఇక్కడ పెళ్లాడి, సెలవు మీద సొంతూరికి వెళ్లి తిరిగిరాని భర్తలున్న పారిశ్రామికవాడలో ఈ రెండు లెక్కలు ప్రతి తల్లికీ తెలిసి ఉండాలి.

తీర్పులు కూడా అంతే. షాబానో తరఫున నిలిచిన వకీలు డేనియల్ లతీఫీ 1986 చట్టాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. ఆయన పేరు మీదనే 2001లో తీర్పు వచ్చింది. తలాఖ్ పొందిన స్త్రీ భవిష్యత్తుకు తగిన ఏర్పాటును భర్త ఇద్దత్ కాలంలోనే చేయాలన్నది అందులోని సారం. 2024 జూలైలో మన తెలంగాణ నుండే వెళ్లిన కేసులో, మామూలు క్రిమినల్ చట్టం కింద పోషణ కోరే హక్కు కూడా ఆమెకు ఉందని అదే కోర్టు చెప్పింది. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఖులా భార్యకు గల సంపూర్ణ హక్కు అని, భర్త ఒప్పుకోలు అందుకు షరతు కాదని అన్నది. ఇక్కడ దాచకుండా చెప్పాలి: భర్త అంగీకారం అవసరమని మన ఉలమాలలో చాలామంది అంటారు. సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య మహర్‌గా పొందిన తోటను తిరిగి ఇచ్చి విడిపోయిన ఉదంతాన్ని రెండు పక్షాలవారూ ఉదహరిస్తారు. మేము కోరే పుస్తకం ఈ భేదాన్ని కూడా ఉన్నదున్నట్టు రాయాలి. ఒక పక్షం మాట మింగేసి రాస్తే ఆ పుస్తకాన్ని మొదట మసీదు మెట్ల మీదే పక్కన పెడతారు.

వకీలు ఫీజు మాటేమిటని అడగవచ్చు. న్యాయ సేవల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం అందుతుంది. పారిశ్రామిక కార్మికులకూ అదే సెక్షన్ కింద అందుతుంది. అంటే పాశమైలారం ఫ్యాక్టరీలో పనిచేసే భర్తకూ, ఇంట్లో ఉన్న భార్యకూ ఇద్దరికీ హక్కు ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. ఈ సంగతి తెలియక తాకట్టుకు పోయిన నగలెన్నో!

సంగారెడ్డిలో మన వకీళ్లు ఉన్నారు, ఖాజీలు ఉన్నారు. ఒక ఆదివారం జుహర్ తరువాత కలిసి కూర్చుంటే ముప్పై పేజీల చిన్న పుస్తకం మొదలుపెట్టవచ్చు. ఉర్దూ మాట, దాని పక్కనే తెలుగు అర్థం. మొదటి పేజీలో ‘ముఅజ్జల్’ ఉండాలి, రెండు విధాలుగానూ. వెల పది రూపాయలు దాటకూడదు. నిశ్చయం నాడే, సియాహా తెరవకముందే, అమ్మాయి చేతిలో ఒకటీ అబ్బాయి చేతిలో ఒకటీ పెట్టాలి.