ఆ ఉప్పు ఎటు పోతుంది?

మొన్న చిన్నగంజాం నుంచి అమ్మ చెన్నైలోని మా ఫ్లాట్‌కి వచ్చింది. వంటింట్లో ఆర్ఓ మెషిన్ నుంచి సింకులోకి పోయే నీళ్ళు చూసి, "ఇన్ని నీళ్ళు పారబోస్తారేంట్రా?" అంది. ఉప్పంతా వాటితోనే పోతుందమ్మా అన్నాను. "మరి ఇక్కడ సముద్రం నీళ్ళు కూడా తాగేలా చేస్తారటగా, అంత ఉప్పు ఎటు పోతుంది?" అనడిగింది. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, నీళ్ళు నమిలాను.

తర్వాత కూర్చుని చదివాను. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఆర్ఓ ప్లాంటు 55 నుంచి 70 బార్ల ఒత్తిడితో, అంటే కారు టైరులో గాలికి పాతిక రెట్లకు పైగా, నీటిని పొరలోంచి నెడుతుంది. మిగిలేది దాదాపు రెట్టింపు ఉప్పున్న నీరు. దాన్ని తిరిగి సముద్రంలోకే వదులుతారు. బరువెక్కువ కాబట్టి, సరిగ్గా కలవకపోతే అడుగుకి చేరి అక్కడి జీవాలకి చేటు చేస్తుంది.

పోనీ, ఇంకా పిండొచ్చుగా? ఉప్పు పెరిగేకొద్దీ కావలసిన ఒత్తిడీ పెరుగుతుంది. ఒక దశ దాటాక మామూలు ఆర్ఓ పొరలు తట్టుకోలేవు.

ఇక్కడే కరెంటు పనికొస్తుంది. ఉప్పు నీటిలో కరిగితే సోడియం ప్లస్, క్లోరైడ్ మైనస్ అయాన్లుగా విడిపోతుంది. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య, ఒకటి ప్లస్‌నీ మరొకటి మైనస్‌నీ మాత్రమే పోనిచ్చే పొరల్ని వరసగా పెట్టి కరెంటిస్తే, ఒక గదిలో నీరు చప్పబడుతుంది, పక్క గదిలో చిక్కబడుతుంది. దీని పేరు ఎలక్ట్రోడయాలిసిస్. నీటిని నెట్టడం కాదు, ఉప్పుని లాగడం. అంత ఒత్తిడి అక్కర్లేదు.

ఉచితమేం కాదు. ఎంత ఉప్పు లాగితే అంత కరెంటు. బాగా చిక్కబడ్డాక ఉప్పు పొరల్లోంచి కొంత వెనక్కి కారుతుంది, అయాన్లతో పాటు నీరూ వెళ్ళిపోతుంది. అందుకే సముద్రపు నీటిని తాగునీరు చేయడంలో ఆర్ఓదే పైచేయి. కానీ ఆర్ఓ చేతులెత్తేసిన నీటిని ఇంకా చిక్కబరచడానికి ఇదో దారి.

ఇదేమీ కల కాదు. 1970ల నుంచి జపాన్‌లో సముద్రపు నీటిని ఇలాగే చిక్కబరిచి, మరిగించి, వంట ఉప్పు తీస్తున్నారు.

అమ్మకి చెప్పాను. ఉప్పు మడుల పక్కన పెరిగిన మనిషి కదా, "మన దగ్గర ఎండ చేసే పని అక్కడ కరెంటు చేస్తోందన్నమాట" అని తేల్చేసింది.

నిజమే. తాగునీటి ప్లాంటు కడుతున్నారంటే, రోజుకి ఎన్ని లీటర్లని అడుగుతాం. ఇకమీదట అమ్మ ప్రశ్న కూడా అడుగుదాం.