నవల రాసేశారా? అసలు పని ఇప్పుడే మొదలు!

ఫోన్ నోట్స్‌లోనో, ల్యాప్‌టాప్‌లోనో సగం రాసిన నవల దాచుకున్నవాళ్లు మనలో చాలామందే ఉంటారు. పూర్తిచేసినవాళ్లకి వచ్చే మొదటి డౌటు ‘ఎవరు వేస్తారు?’ అని. తెలుగులో దీనికి పాత జవాబే ఉంది: మనమే వేసుకోవాలి. రచయిత సొంత డబ్బుతో పుస్తకం అచ్చేసుకోవడం మనకి కొత్తేమీ కాదు. పగలు కోడ్, రాత్రి కథ రాసుకునే నేనూ నా మొదటి నవలని ఆ దారిలోనే తెస్తున్నా.

పబ్లిషర్ లేకపోతే స్వేచ్ఛ ఎక్కువే. కానీ ‘ఈ చాప్టర్ వద్దు’ అని చెప్పే మనిషి కూడా ఉండరు. అందుకే అచ్చు ఖర్చు కంటే ముందు ఎడిటింగ్‌కి డబ్బు పక్కన పెట్టండి. ప్రూఫ్ చూడటం వేరు, ఎడిటింగ్ వేరు. ప్రూఫ్ చూసేవాళ్లు అక్షరదోషాలు పడతారు. ఎడిటర్ మాత్రం ‘ఈ పాత్ర తీసేస్తే కథకి ఏం నష్టం?’ అని అడుగుతారు. కోడ్ రివ్యూ లాంటిదే! రాసినవాడి కంటికి ఆనని బగ్ పక్కవాడికి ఇట్టే దొరుకుతుంది.

నా నవలలో ఒక నానమ్మ ఉంది. ఆమెది పాలమూరు మాట. ప్రూఫ్‌కి ఇస్తే ‘యాడికి పోతున్నవ్ బిడ్డా’ కాస్తా ‘ఎక్కడికి వెళ్తున్నావు నాయనా’ అయి వచ్చింది. వ్యాకరణం బాగానే ఉంది, నానమ్మే మాయమైపోయింది. అన్నీ మళ్లీ ఆమె మాటలోకి మార్చుకున్నా. మీ కథలో ఏది యాసో, ఏది అచ్చుతప్పో ఒక పేజీ రాసి ముందే ఇచ్చేయండి.

తర్వాతి గండం ఫాంట్లు. మనం రాసేది యూనికోడ్‌లో. చాలా డీటీపీ సెంటర్లు ఇంకా అను ఫాంట్లే వాడతాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ఒత్తులు చెదిరిపోతాయి. ‘సాఫ్ట్‌వేర్’ మధ్యలో కంటికి కనిపించని ఒక క్యారెక్టర్ ఉంటుంది. అది ఎగిరిపోతే ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంటుంది. కాబట్టి పేజీలు పెట్టాక ప్రూఫ్ మళ్లీ మొదటి నుంచీ చూడాల్సిందే. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి అందాలని ఈ రౌండు మాత్రం ఎగ్గొట్టొద్దు.

ఇక లెక్కలు. ఆఫ్‌సెట్ ప్రింటింగ్ ఫారాల్లో నడుస్తుంది. ఫారం అంటే మామూలుగా 16 పేజీలు. 12 ఫారాలంటే 192. మీ నవల 194 దగ్గర ఆగిందా? ఆ రెండు పేజీలు ఎడిటర్ తగ్గిస్తే మీ జేబుకీ మంచిదే. మొదటిసారే వెయ్యి కాపీలు వేసి మంచం కింద పెట్టుకోకుండా, డిజిటల్ ప్రింట్‌లో వంద వేసి చూడొచ్చు.

ఐఎస్‌బీఎన్‌కి ఎవరికీ డబ్బులివ్వకండి. రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఆ 13 అంకెల నంబర్‌ని ఉచితంగా ఇస్తుంది. రచయితే ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవచ్చు. కాపీరైట్ రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. 1957 చట్టం ప్రకారం రాసినప్పటి నుంచే హక్కు మీది. మీరున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు.

అన్నేళ్లు మీ పేరు మోయబోయే పుస్తకానికి ఇంకో రెండు నెలలు ఇస్తే పోయేదేం లేదు. తీసేయడానికి మీకు అస్సలు మనసొప్పని పేజీ ఒకటి ఉంటుంది చూడండి, ఎడిటర్‌కి ముందు దాన్నే పంపండి.