ఒకే అక్షాంశం, మూడు రకాల వానలు

కర్ణాటక తీరంలోని కార్వార్, రాయలసీమలోని అనంతపురం, బంగాళాఖాతం చేరువలోని నెల్లూరు దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. మూడూ భూమధ్యరేఖకు ఉత్తరాన పద్నాలుగున్నర డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. మూడింటి మీదా ఎండ ఒకే కోణంలో పడుతుంది. పడమటి తీరంలోని మొదటి ఊరి నుంచి తూర్పు తీరం దగ్గరి మూడో ఊరికి దూరం 630 కిలోమీటర్లు. అయినా కార్వార్‌లో ఏటా 3,000 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు 550 మిల్లీమీటర్లే. ఉమ్మడి నెల్లూరు జిల్లాలో అది మళ్లీ వెయ్యి దాటుతుంది. వాన పడే కాలం కూడా ఒకటి కాదు. కార్వార్‌ను జూన్, జులై నెలలు ముంచెత్తుతాయి. నెల్లూరు అసలు వానలకోసం అక్టోబరు, నవంబరుల దాకా ఎదురుచూస్తుంది. అనంతపురానికి ఉన్నంతలో ఎక్కువ వాన సెప్టెంబరులో దక్కుతుంది. ఈ తేడాలు సూర్యుడి వల్ల వచ్చినవి కావు. కొండలు ఎక్కడ నిలిచాయి, తీరం ఎటు వంగింది, సముద్రం ఎంత దూరంలో ఉంది, నేల ఎంత ఎత్తున ఉంది అన్న నాలుగు సంగతుల్లోనే వీటి మూలం ఉంది.

నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం మీదుగా వేల కిలోమీటర్లు ప్రయాణించి తేమతో నిండి వస్తాయి. ఆ దారికి అడ్డంగా, తపతీ నది దగ్గర్నుంచి కన్యాకుమారి దాకా 1,600 కిలోమీటర్ల పొడవున పడమటి కనుమలు నిలబడి ఉన్నాయి. గాలి వాటిని ఎక్కక తప్పదు. పైకి వెళ్లేకొద్దీ పీడనం తగ్గి గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచించి చల్లబడుతుంది. చల్లబడిన గాలి అంతకు ముందున్నంత ఆవిరిని పట్టి ఉంచలేదు. అది మేఘమై, వానై కనుమల పడమటి వాలు మీదే కురుస్తుంది. అక్కడి ఆగుంబెలో ఏడాది వర్షపాతం 7,000 మిల్లీమీటర్ల స్థాయిలో ఉండటానికి కారణం ఇదే.

శిఖరం దాటిన గాలి కథ తిరగబడుతుంది. కిందికి దిగుతున్న గాలి నొక్కుకుపోయి వేడెక్కుతుంది. తేమ లేని గాలి ప్రతి కిలోమీటరు దిగుదలకూ దాదాపు పది డిగ్రీలు వేడెక్కుతుంది. వేడెక్కిన గాలిలో మేఘాలు కరిగిపోతాయి. కనుమల తూర్పు అంచు నుంచి వంద కిలోమీటర్లు దాటేసరికే వాన నాలుగో వంతుకో ఐదో వంతుకో పడిపోతుంది. చిత్రదుర్గ, బళ్లారి, అనంతపురం, కర్నూలు పడమటి మండలాలు, పాలమూరు దక్షిణ భాగం ఇలా కొండల చాటున ఉండిపోయిన నేలలే. భూగోళశాస్త్రం వీటిని వర్షచ్ఛాయా ప్రాంతం అంటుంది.

అయితే కొండల చాటు అన్న ఒక్క మాటతో సీమ వాతావరణం పూర్తిగా అర్థం కాదు. జూన్ నుంచి ఆగస్టు దాకా రుతుపవనాల గాలి నేలకు కిలోమీటరు, కిలోమీటరున్నర ఎత్తున అత్యంత వేగంగా వీస్తుంది. ఆ ప్రవాహం దక్షిణ దక్కను మీదుగానే సాగుతుంది. అనంతపురం రైతు ఆకాశంలో మబ్బులను రోజూ చూస్తాడు, అవి ఆగకుండా తూర్పుకు సాగిపోవడమూ చూస్తాడు. గాలి ఈ ఉరవడితో వీస్తున్నంతకాలం మేఘం నిలువుగా ఎదిగి ఉరుముల వాన కురిసే వీలు తక్కువ. సెప్టెంబరులో గాలి నెమ్మదించాక, నేల వేడికి మధ్యాహ్నాలు మేఘాలు పైకి ఎదుగుతాయి, సాయంత్రాలు గట్టి వానలు పడతాయి. వానను దూరం చేసే గాలే మరో పనికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పవన విద్యుత్తుకు తొలి స్థావరాల్లో ఒకటి అనంతపురం ప్రాంతంలోని రామగిరి కొండల మీద వెలసింది అందుకే.

సీమకు రెండో రుతుపవనమైనా పూర్తిగా అందుతుందా అంటే అదీ లేదు. అక్టోబరులో గాలి దిశ మారుతుంది. ఈశాన్యం నుంచి వచ్చే గాలి ఉత్తర భారతం మీద ఉన్నప్పుడు పొడిగానే ఉంటుంది, బంగాళాఖాతం మీదుగా వచ్చేటప్పుడు తేమను నింపుకుంటుంది. ఇక్కడ తీరరేఖ వంపు కీలకం. ఉత్తరాంధ్ర తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది కాబట్టి ఈశాన్య గాలి శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలను ఒరుసుకుంటూ పోతుంది. కృష్ణా డెల్టా దాటాక తీరం దాదాపు ఉత్తర దక్షిణాలుగా తిరుగుతుంది. అక్కడ అదే గాలి తీరానికి ఎదురుగా వచ్చి తగులుతుంది. నెల్లూరు వానలో అరవై శాతం దాకా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే కురవడానికి ఈ వంపు ఒక పెద్ద కారణం. ఆ గాలి లోపలికి వచ్చేకొద్దీ వెలిగొండ, నల్లమల, శేషాచలం వరుసలు అడ్డుపడతాయి. కడప వైపు వాలుకు కొంత అందుతుంది, అనంతపురం చేరేసరికి మిగిలేది కొద్దిపాటే. పడమటి సముద్రం దాదాపు 375 కిలోమీటర్లు, తూర్పు సముద్రం దాదాపు 260 కిలోమీటర్లు, నడుమ రెండువైపులా కొండలు. రెండు రుతుపవనాలకూ ఆఖరి పంక్తిలో ఉన్న నేల అది.

అందువల్ల సీమ కరువును ఒక్కో ఏడాది దాపురించే విపత్తుగా మాత్రమే చూడటం పొరపాటు. రుతుపవనాలు ఎప్పటిలాగే వచ్చిన ఏడాది కూడా అక్కడ మెట్ట పంట కత్తి అంచున నడుస్తుంది. రాష్ట్ర సగటు వర్షపాతం సాధారణంగా ఉందని ప్రకటన వెలువడినప్పుడు ఆ మాట కోస్తాకు నిజం కావచ్చు, కానీ సగటు ఎవరి చేనులోనూ కురవదు. నేల తీరు ఈ తేడాను ఇంకా పెంచుతుంది. కర్నూలు నల్లరేగడి సెప్టెంబరు, అక్టోబరు వానల తడిని లోపల దాచుకుని, తర్వాత చినుకు పడకపోయినా శనగను పండిస్తుంది. అనంతపురం ఎర్రనేలలు పలుచనివి, తడిని కొద్ది రోజులకు మించి నిలుపుకోలేవు. జులైలో విత్తిన వేరుశనగ పూత, ఊడల దశలో మూడు వారాలు వాన తప్పితే ఆ తర్వాత ఎంత కురిసినా కాయ నిండదు. ఏడాది మొత్తం లెక్కలో లోటు కనిపించకపోయినా ఆ రైతుకు మిగిలేది అప్పే. పరిహారాలూ పంటల బీమా నిబంధనలూ ఏడాది మొత్తాన్ని కాక ఈ వారాలను కొలవాలన్న డిమాండుకు బలం ఇక్కడి భూగోళమే.

ఉత్తర తెలంగాణ పరిస్థితి వేరు. ఆదిలాబాద్ రెండు సముద్రాలకూ దూరమే, అయినా అక్కడ 1,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. వానాకాలంలో బంగాళాఖాతం వాయవ్య భాగాన పుట్టే అల్పపీడనాలు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా పశ్చిమ వాయవ్యంగా కదులుతాయి. వాటికి నైరుతి వైపున ఉన్న నేలమీద వాన ఎక్కువ పడుతుంది. ఆదిలాబాద్, కరీంనగర్, ఖమ్మం ప్రాంతాలు సరిగ్గా ఆ పక్కన ఉన్నాయి, పాలమూరు ఆ దారికి దూరం.

వేడి విషయంలో సముద్రం పాత్ర మరీ ముఖ్యం. నీరు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది, మట్టి రెండింటికీ తొందరపడుతుంది. మే నెల మధ్యాహ్నం విశాఖలో సముద్రపు గాలి లోపలికి వీచి పాదరసాన్ని పట్టి ఉంచుతుంది. తీరానికి వంద కిలోమీటర్లకు పైగా దూరాన, కృష్ణా లోయలో పల్లంగా ఉన్న పల్నాటి రెంటచింతలకు ఆ గాలి చేరదు. గోదావరి లోయలోని రామగుండం, కొత్తగూడెం కూడా అంతే. అవి దక్కను పీఠభూమి కంటే చాలా పల్లాన ఉన్నాయి, పీఠభూమి మీది నుంచి దిగివచ్చే పొడిగాలి ఇంకా వేడెక్కి వడగాలిగా మారుతుంది. వాయవ్య గాలి బలంగా ఉన్న రోజుల్లో సముద్రపు గాలి ఒడ్డు దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు కోస్తా కూడా వడగాడ్పులకు దొరికిపోతుంది. తీరంలో ఉష్ణోగ్రత అంకె తక్కువగా కనిపించినా గాలిలో తేమవల్ల చెమట ఆరదు, శరీరం చల్లబడదు. వడదెబ్బ హెచ్చరికలకు ఉష్ణోగ్రత ఒక్కటే ప్రమాణమైతే అది కోస్తా కూలీలకు ప్రాణాంతకం.

ఎత్తు పనితీరు మన్యంలో తేటగా కనిపిస్తుంది. సగటున ప్రతి కిలోమీటరు ఎత్తుకూ ఆరున్నర డిగ్రీల మేర చల్లబడుతుంది. ఆ లెక్కన వెయ్యి మీటర్ల ఎత్తు దగ్గర ఉన్న లంబసింగిలో చలి ఉండవలసిందే గానీ, కొన్ని శీతాకాలపు వేకువల్లో సున్నా దరిదాపులకు పడిపోయేంత చలిని ఎత్తు ఒక్కటే వివరించలేదు. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. చుట్టూ కొండవాలుల మీద చల్లబడిన బరువైన గాలి కిందికి జారి లోయలో నిలిచిపోతుంది. అరకులో కాఫీ పండటానికీ ఈ ఎత్తు, వాన, చెట్ల నీడ కలిసి రావాలి.

తూర్పు తీరానికి వానతోపాటు తుపానులనూ తెచ్చేది బంగాళాఖాతమే. గంగా, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చి కలిపే మంచినీరు ఉప్పునీటికంటే తేలిక కాబట్టి పైపొరగా నిలుస్తుంది. కిందనున్న చల్లని నీరు దానితో త్వరగా కలవదు. వెచ్చగా ఉండిపోయిన ఆ పైపొరే తుపానులకు ఇంధనం. కృష్ణా ముఖద్వారం దగ్గర సముద్రం లోతు తక్కువ, నిజాంపట్నం దగ్గర తీరం లోపలికి వంగి ఉంటుంది. గాలి తోసుకొచ్చే నీరు పోవడానికి దారిలేక పైకి లేస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఎత్తు ఐదు మీటర్ల స్థాయిలో ఉంది, పది వేలమందికి పైగా చనిపోయారు. అంతే బలమైన తుపాను లోతైన సముద్రం అంచున తీరం దాటితే ఉప్పెన అంత ఎత్తుకు లేవదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖను తాకినప్పుడు విధ్వంసంలో అధిక భాగం గాలిదే.

కనుమలు తూర్పుకు రానీయని వాన పూర్తిగా పడమటి సముద్రం పాలు కాదు. కనుమల శిఖర ప్రాంతాల్లో పడిన వానలో కొంత తూర్పుకే పారుతుంది. కృష్ణ మహాబలేశ్వర్ దగ్గర, తుంగ, భద్ర గంగమూల కొండల్లో పుడతాయి. అనంతపురం మీద పొడి గాలి వీచే జులై, ఆగస్టుల్లోనే తుంగభద్ర జలాశయం నిండుతుంది. ఎగువ కాలువ ఆ నీటిని కొండచాటు నేలకు చేరుస్తుంది. సీమలో వాన తప్పిన ఏడాదిలోనూ కనుమల మీద వాన పడి ఉండవచ్చు కాబట్టి, ఆ నీరు సీమకు అదనపు సౌకర్యం కాదు, వాతావరణం ఇవ్వని దానికి బదులు. అయితే కట్టినప్పుడు దాదాపు 133 టీఎంసీలున్న ఆ జలాశయం సామర్థ్యం పూడిక వల్ల 105 టీఎంసీల దరికి తగ్గింది. రెండో దారి శ్రీశైలం. అక్కడ కృష్ణ లోతైన కొండకోతలో ప్రవహిస్తుంది, సీమ మెట్ట దానికంటే ఎత్తున ఉంది. అందుకే హంద్రీ నీవా పథకం నీటిని అంచెలంచెలుగా పంపులతో ఎత్తిపోయాల్సి వస్తోంది, ఆ కరెంటు ఖర్చు ఏటా భరించాల్సిందే.