బండికి తగ్గ మెరుగు, పనికి తగ్గ రేటు

సికింద్రాబాద్: మోటారు సామాను కొనేందుకు కారులో రాణీగంజ్ వచ్చే పల్లెవాసులు, పనిలో పనిగా కారుకూ మెరుగు పెట్టించుకోవడం మామూలైంది. షాపువారు "చిన్న కారా, పెద్ద కారా?" అని అడిగి రేటు చెబుతున్నారే తప్ప, అది ఏ బాటన తిరుగుతుందో అడిగేవారు తక్కువ. చిక్కంతా ఇక్కడే ఉంది.

మైనం పాలిష్ కొద్ది నెలల ముచ్చట. సిరామిక్ పూత అంతకంటే ఎక్కువ కాలం ఉండి మురికిని అంటనివ్వదు గాని, కంకర రాయి దెబ్బను ఆపలేదు. దానిని కొంతవరకైనా ఆపేది పైన అంటించే పారదర్శక పొర. దాని ఖరీదు మరీ ఎక్కువ. బురద బాటన తిరిగే జీపుకు పైమెరుపు కంటే అడుగున తుప్పు పట్టకుండా వేసే పూత మేలు. కిరాయికి తిప్పే కారుకు సీట్ల శుభ్రత ముఖ్యం. పాత కారును పదేపదే రాపిడి పాలిష్ చేస్తే రంగు పైపొరే అరిగిపోతుంది.

బురద కారుకు శ్రమ ఎక్కువే; కూలి ఎక్కువ అడగడం న్యాయమే. అయితే ఆ మాట పని మొదలుపెట్టక ముందే చెప్పాలి. పని ముగిశాక 18 శాతం జీఎస్టీ కలిపి బిల్లు చేతిలో పెడితే రైతు బిత్తరపోడా?

సేవ నాణ్యత, ధర ముందే తెలుసుకునే హక్కు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. ఏ పనికెంతో, ఏ బండికి ఏది అక్కరలేదో తెలుగులో బోర్డు రాసిపెట్టే షాపుకు గిరాకీ తగ్గదు, పెరుగుతుంది.